మంగళవారం నూనె వాసన

మా ఊళ్ళో గురువారం నాడు నూనె కాగిందంటే అది పోయినవాళ్ళ కోసం. మిగిలిన రోజుల్లో కాగితే కడుపు కోసం. ఈ తేడా పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. గురువారం సాయంత్రం పిండి ముక్కలు కోసి, మరిగే నూనెలో బోర్సోకులు వేయిస్తాం. ఆ వాసన పైకి లేచాక నాయనమ్మ చేతులు చాచి ఖురాన్ వాక్యాలు చదువుతుంది. అందరం అరచేతులతో ముఖం తడుముకుని ఆమిన్ అంటాం. ఆ తర్వాత తింటాం. పోయినవాళ్ళు తినేది వాసన మాత్రమే కాబట్టి పళ్ళెంలో ఒక్కటి కూడా తగ్గదు. ఇంత మంచి చుట్టాలు లోకంలో ఎక్కడా దొరకరని మా అక్క సైకాల్ అంటుండేది.

ఆ సైకాల్ ఇప్పుడు ఆ చుట్టాల్లోనే చేరింది. కిందటేడు ఆకులు రాలే కాలంలో కొండమీది మేతభూముల నుంచి గొర్రెల్ని దించుతుంటే, ఏరు దాటే చోట గుర్రం కాలు జారింది. గుర్రం ఒడ్డుకు వచ్చింది, అక్క రాలేదు. ఇంతకంటే దాని గురించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

అమ్మా నాన్నా చలికాలమంతా మందతో కొండ దొడ్డి దగ్గరే ఉంటారు. బడి కోసం నేనూ, చెల్లెలు సిర్గా నాయనమ్మతో ఊళ్ళో ఉంటాం. నాకు పదిహేడు, దానికి పదకొండు. నాయనమ్మ వయసెంతో ఆమెకే తెలియదు. ఆమె చెవులు సగమే పనిచేస్తాయి, కానీ మనం దాచాలనుకున్నది మాత్రం గోడ అవతల ఉన్నా వినబడుతుంది.

మంచు కరగడం మొదలయ్యాక ఇంట్లో నూనె కరగడం మొదలైంది. సీసా నింపిన నాలుగు రోజులకే అడుగు కనిపించేది. నాయనమ్మ నన్ను అనుమానించింది, నేను ఎలకల్ని అనుమానించాను. ఒకరోజు పక్కింటి కలీపా అత్త వాకిట్లోనే నన్ను నిలబెట్టేసింది.

“ఏమే ఊల్జాన్, మీ ఇంట్లో వారమంతా గురువారాలేనా? రోజూ మధ్యాహ్నం నూనె వాసనేనే తల్లీ! మా ఆయన ముక్కు ఎగబీలుస్తూ నా వంటకి వంకలు పెడుతున్నాడు.”

“మా ఇంట్లో కాదత్తా, గాలి ఎటు నుంచో మోసుకొస్తోంది.”

“గాలికి బోర్సోకులు వేయించడం ఎవరు నేర్పారో మరి,” అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మంగళవారం. గాలి విపరీతంగా వీచి బడి కప్పు రేకు లేచిపోతే మమ్మల్ని ముందే వదిలేశారు. గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన కొట్టింది. నాయనమ్మ మధ్యాహ్నాలు వీధి చివరింటికి ఉన్ని ఏకడానికి వెళ్తుంది. సిర్గా తరగతికి బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. పెద్ద ఇనప మూకుడు ముందు పీట వేసుకుని సిర్గా కూర్చుంది, ముఖమంతా చెమట. పొయ్యికి అవతల, గోడ పక్కన నేను కూర్చునే కంబళి మీద, కాళ్ళు చాపుకుని, దళసరి చొక్కా వేసుకుని, మా అక్క సైకాల్ కూర్చుంది.

భయపడ్డానని చెప్తే బాగుంటుంది. కానీ నాకు ముందు వచ్చింది కోపం. చచ్చిపోయి కూడా నా చోటే కావలసి వచ్చింది దీనికి! ఆ తర్వాతే భయం. ఆ తర్వాత ఏడుపొచ్చింది. మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

“తలుపు వెయ్యవే, చలి,” అంది సైకాల్. గొంతు కూడా అదే, ఎప్పుడూ కొంచెం బొంగురుపోయినట్టుండే గొంతు.

“నీకు చలేంటే?” అన్నాను. అక్క ఆత్మతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

“బూట్లు చూడు.”

మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. నీటి బొట్లు జారుతూనే ఉన్నాయి, కింద కంబళి మాత్రం పొడిగానే ఉంది.

సిర్గా గరిటె పట్టుకుని నా మీదకు లేచింది. “నాయనమ్మకి చెప్పావంటే ఊరుకోను! నేనే పిలుచుకున్నాను. గురువారం వస్తుంది కదా అని బుధవారం కూడా వేయించి చూశాను, వచ్చింది. శుక్రవారం వేయించాను, వచ్చింది. ఎప్పుడు వేయిస్తే అప్పుడొస్తుంది. నూనె ఉంటే చాలు!”

పెద్దవాళ్ళకు ఎవరికీ తట్టని తెలివి ఇది. వాసనకి వస్తారని తరతరాలుగా నమ్ముతున్నాం, కానీ రోజూ పెడితే రోజూ వస్తారు కదా అని ఒక్కరూ ఆలోచించలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం చెల్లెల్ని మెచ్చుకున్నాను. మెచ్చుకోవడమేమిటి, దాని పక్కనే కూర్చుని పిండి కోసి ఇచ్చాను. కొన్నాళ్ళు ముగ్గురం మళ్ళీ ముగ్గురమయ్యాం. సైకాల్ కలీపా అత్త నడకని అనుకరించేది, మేము పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. బడిలో నా పక్కన కూర్చునే ఎర్రచెవుల కుర్రాడి సంగతి కూడా కూపీ లాగింది. అక్క ఉందన్న సంతోషంలో ఇంక దేన్నీ చూడలేదు నేను.

చూడాల్సింది సిర్గాని. పళ్ళెంలో బోర్సోకులన్నీ అక్క ముందే పెట్టేది, తను ముట్టేది కాదు. చల్లారిపోయాక వాటిని కుక్కకి వేసేది. కుక్క నున్నగా బలిసింది, పిల్ల మాత్రం చిక్కిపోయింది. బడి వదలగానే స్నేహితురాళ్ళు పిలుస్తున్నా వినకుండా ఇంటికి పరిగెత్తేది. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. నాయనమ్మ దాని గడ్డం పట్టుకుని, “ఎండు చేపలా అయిపోయావేంటే?” అంటే మాట్లాడేది కాదు. అది ఇప్పుడు మాట్లాడేది సైకాల్‌తోనే.

ఒక మధ్యాహ్నం సిర్గా పిడకల కోసం పెరట్లోకి వెళ్ళినప్పుడు సైకాల్ నా వైపు వంగింది. దగ్గర నుంచి చూస్తే ముఖం బాగా అలిసిపోయి ఉంది.

“ఊల్జాన్, దాన్ని ఆపవే.”

“ఎందుకు? బాగానే ఉందిగా!”

“నీకు బాగుంది. నేను రోజూ గుర్రమెక్కి బయల్దేరతాను. కనుమ దాకా వెళ్తాను. అవతల ఏదో వెలుగు కనిపిస్తూ ఉంటుంది, మనవాళ్ళ గొంతులు కూడా వినిపిస్తాయి, తాతయ్య దగ్గు కూడా. ఇంకో నాలుగడుగులేస్తే చేరతాను. అప్పుడు వాసనొస్తుంది. గుర్రం దానంతటదే వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ ఏరు దాటాలి. రోజూ అదే ఏరే, రోజూ దాటాలి.”

పెరటి వైపు చూశాను.

“రానని చెప్పొచ్చుగా దానికి?” అన్నాను.

“దానికి నేను ఎప్పుడైనా కాదని చెప్పానా? కిందటేడు నా కొత్త రుమాలు చింపి బొమ్మకి చుట్టినా ఏమీ అనలేదు. తిట్టే పాడు పనులన్నీ నీకే వదిలేసేదాన్ని.”

అది మాత్రం నిజమే. ఇంట్లో ముద్దు చేసేది సైకాల్, మొట్టికాయ వేసేది నేను.

దీనికి తోడు నాన్న కొండ మీద నుంచి కబురు పంపాడు. ఏడాది నిండేదాకా ఆగకుండా, మందలు వేసవి మేతకు ఎక్కక ముందే సైకాల్‌కు ఏడాది విందు పెట్టేద్దామన్నాడు. అందరూ ఊళ్ళో ఉండే సమయం అదే. మాలో అలా ముందుగా పెట్టుకోవడం మామూలే. నాయనమ్మ గొర్రెను ఎంచడం మొదలుపెట్టింది. ఆ మాటల్లోనే, “విందు రోజున పోయినవాళ్ళ దారి మూసుకుపోతుంది తల్లీ, ఆ లోపల చేరినవాళ్ళు చేరినట్టే,” అంది.

“చేరనివాళ్ళు?”

“ఇటూ కాదు, అటూ కాదు. దారి మధ్యలో గాలిలా తిరుగుతారు. మన సైకాల్ ఏనాడో చేరుంటుంది. దాని గుర్రపు స్వారీ నీకు తెలియదా?” అని నవ్వి కళ్ళు తుడుచుకుంది. సైకాల్ ఇంకా కనుమకి ఇవతలే ఉందని నాకే తెలుసు.

నూనె సీసా తీసి గడ్డివాములో దాచాను. సిర్గా గొర్రె తోక కొవ్వు కరిగించి వేయించింది. కొవ్వు దాచాను. కలీపా అత్త దగ్గరికి వెళ్ళి నాయనమ్మ అడిగిందని చెప్పి గిన్నెడు నూనె తెచ్చుకుంది. ఆఖరికి మూకుడే తీసుకెళ్ళి కోళ్ళ గూట్లో పెట్టాను. చిన్న టీ గిన్నెలో ఒక్కొక్కటే వేయిస్తూ కూర్చుంది. పట్టుదలలో అది మా వంశానికి తగ్గ పిల్లే.

చివరికి నాకు ఒళ్ళు మండింది. గిన్నె లాక్కుని అరిచాను. “దాన్ని చంపుతున్నావే నువ్వు! వెళ్ళాల్సినదాన్ని వెళ్ళనివ్వకుండా రోజూ ఏట్లో దింపుతున్నావు! ఏడ్చి వదిలెయ్యలేవా అందరిలాగా?”

సిర్గా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

“నువ్వు ఏడ్చావు,” అంది. “గుడారంలో కూర్చుని, గోడ వైపు తిరిగి, అమ్మతో కలిసి, రాగం తీసి మరీ ఏడ్చావు. వీధంతా వింది. నన్ను కలీపా అత్తింటికి పంపారు. మేకపిల్లల్ని చూసుకోమన్నారు. నేను చూసుకున్నాను. ఒక్కటి కూడా తప్పిపోలేదు. తిరిగొచ్చేసరికి గుడారం విప్పేస్తున్నారు. అక్కని తీసుకెళ్ళిపోయారు. నేనెప్పుడు ఏడవాలి? ఎక్కడ ఏడవాలి? ఏ గోడ వైపు తిరగాలి?”

మాలో చావింట వాకిట్లో ఉన్ని కంబళ్ళ గోడలున్న గుడారం వేస్తారు. ఆడవాళ్ళు అందులో గోడకు ముఖం పెట్టి కూర్చుని శోకాలు పెడతారు. ఊరికే ఏడవడం కాదది, పోయినవాళ్ళ గురించి పాట కట్టి ఏడవాలి. నేనూ కట్టాను. గొంతు పోయేదాకా పాడాను. ఆ తర్వాత మొదటిసారి నిద్రపట్టింది నాకు. చిన్నపిల్ల జడుసుకుంటుందని సిర్గాని పంపేశారు. అందరూ దాని మంచికే అనుకున్నారు. నేను అసలు ఆ సంగతే ఆలోచించలేదు. పొయ్యికి అవతల సైకాల్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నేరుగా వీధి చివరింటికి వెళ్ళి, ఉన్ని ఏకుతున్న నాయనమ్మను లేపుకొచ్చాను. దారిలో అంతా చెప్పేశాను, సైకాల్ సంగతితో సహా. నమ్మిందో లేదో తెలియదు. మధ్యలో ఒకసారి ఆగి, “బూట్లు తడిగా ఉన్నాయా?” అని మాత్రం అడిగింది. ఉన్నాయన్నాను. ఆ తర్వాత నా కంటే వేగంగా నడిచింది.

ఇంటికి వచ్చాక సిర్గా ముందు చతికిలబడి కూర్చుంది.

“నిన్ను మేకపిల్లల దగ్గరికి పంపింది నేనేనే పిల్లా. మీ అమ్మ కాదు. చిన్న గొంతు శోకం పెడితే ఇంటికి మంచిది కాదని మా అమ్మమ్మ అనేది. ఆవిడ చెప్పినవి సగం తప్పులే, అయినా అన్నీ పాటిస్తూ వచ్చాను.”

“ఇప్పుడు గుడారం లేదుగా,” అంది సిర్గా, ముక్కు ఎగబీలుస్తూ.

“గోడ ఉందిగా,” అన్నాను నేను.

నాయనమ్మ తన తలకు కట్టుకున్న నల్ల రుమాలు విప్పి సిర్గా తలకి కట్టింది. ఆ పిల్ల తల మొత్తం అందులో మునిగిపోయింది. దాన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చోబోయింది. అది సరిగ్గా సైకాల్ కూర్చున్న చోటే. సైకాల్ చప్పున పక్కకి జరిగి చోటిచ్చింది. నాకు ఆ సమయంలో కూడా నవ్వొచ్చింది.

“పొగడాలి,” అంది నాయనమ్మ. “ముందు పొగడ్త. తెల్లగుర్రమని మొదలుపెట్టు.”

సిర్గా గొంతు సవరించుకుంది. మొదట చాలా చిన్నగా వచ్చింది.

“తెల్లగుర్రమెక్కి పోయే మా అక్కా,
చంద్రుడంటి ముఖమున్న మా అక్కా…”

అక్కడ ఆగిపోయింది. “చంద్రుడంటి ముఖమేం కాదు. మచ్చలున్నాయి. నాకిది రాదు.”

“నీకొచ్చినట్టే పాడు,” అన్నాను.

సిర్గా గోడకి నుదురు ఆనించింది. ఈసారి గొంతు గట్టిగా వచ్చింది, రాగం కూడా దానంతటదే కుదిరింది.

“నా బొంతలో సగం లాక్కునేదానివి, అక్కా,
చలేస్తే చల్లని పాదాలు నాకు తగిలించేదానివి, అక్కా.
పాలగిన్నె ఒలకబోసి పిల్లి మీద పెట్టావు,
పిల్లికి దెబ్బలు పడితే ఇద్దరం నవ్వాం, అక్కా.

మంచు కరిగాక చేపల్ని చూపిస్తానన్నావు,
మంచు కరిగింది, చేపలొచ్చాయి, నువ్వు రాలేదు.
మేకపిల్లల్ని కాయమన్నారు, కాశాను,
నిన్ను కాయమని నాకు ఎవరూ చెప్పలేదు.”

అక్కడ గొంతు పగిలిపోయింది. నాయనమ్మ తల గోడకేసి ఆనించి మూలగడం మొదలుపెట్టింది. నేనూ సిర్గా భుజం పట్టుకుని ఏడ్చాను. శోకమంటే మాలో అదే, ఒకరు మొదలుపెడితే ఆ ఇంట్లో ఎవరూ పొడి కళ్ళతో మిగలరు. వాకిట్లో కలీపా అత్త గొంతు కూడా వినబడింది. ఏమైందో అడుగుదామని వచ్చి, అడగడం మానేసి, తలుపు బయట నిలబడే శోకం అందుకుంది.

ఎంతసేపటికో సిర్గా తల ఎత్తింది. ముక్కు తుడుచుకుంది. మిగిలింది పాడలేదు, మామూలుగా చెప్పింది.

“ఇంక పో అక్కా. నేను వేయించను. గురువారం మాత్రం వేయిస్తాం, అది అందరి కోసం. నీకు రావాలనిపిస్తేనే రా. తడిసిపోతావు, పో.”

నేను సైకాల్ వైపు చూశాను. ముఖం ఏడ్చి ఉబ్బిపోయింది, దాని మధ్య నుంచే నవ్వుతోంది. లేచి నిలబడి చొక్కా దులుపుకుంది. అప్పుడు చూశాను బూట్లని. పొడిగా ఉన్నాయి. ధూళి పట్టి, మడమ దగ్గర అరిగి, కొండ దిగి వచ్చిన రోజుల్లో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి.

సిర్గా ముందు కూర్చుని దాని తల మీది రుమాలు సర్దింది. “నా శోకంలో పిల్లిని కూడా ఇరికించావు కదే, దెయ్యమా,” అంది.

“దెయ్యం నువ్వు,” అంది సిర్గా, ఎక్కిళ్ళ మధ్య.

నా దగ్గరికొచ్చి చెవిలో, “ఆ ఎర్రచెవుల వాడు పర్లేదు. కానీ వాడికి గుర్రం ఎక్కడం రాదు, నేర్పించు,” అని చెప్పి గుమ్మం దాటింది. కలీపా అత్త పక్క నుంచే వెళ్ళింది. అత్త ఒక్కసారి భుజాల మీద శాలువా లాక్కుంది, అంతే. బయట గుర్రం సకిలించింది. కుక్క మొరగలేదు, తోకాడించింది. గిట్టల చప్పుడు కనుమ వైపు పోయి పోయి, ఇంక వినబడలేదు.

నాయనమ్మ గోడ వైపు తిరిగే అడిగింది. “వెళ్ళిందా?”

“వెళ్ళింది.”

“బూట్లు?”

“పొడిగా ఉన్నాయి.”

నాయనమ్మ రెండు చేతులతో ముఖం తడుముకుంది. ఆ రాత్రి సిర్గా గిన్నెడు మాంసం పులుసు తాగి, అందరికంటే ముందే నిద్రపోయింది, బొంత మొత్తం తనే చుట్టుకుని. నాకు చలేసింది, అయినా లాక్కోలేదు.

ఏడాది విందు బాగా జరిగింది. అమ్మ శోకం నాటి నల్ల రుమాలు తీసి తెల్లది కట్టుకుంది. జనం తిన్నారు, తాగారు, సైకాల్ గుర్రపు స్వారీ గురించి ఉన్నవీ లేనివీ చెప్పుకున్నారు. లేనివే ఎక్కువ. నాకు అదే నచ్చింది.

ఆ తర్వాత మొదటి గురువారం మూకుడు పొయ్యి మీద పెట్టాం. నూనె మరిగింది. సిర్గా బోర్సోకులు వేసింది, వాసన లేచింది, నాయనమ్మ చదివింది, ఆమిన్ అన్నాం. సిర్గా ఓరకంట నా కంబళి వైపు చూసింది. నేనూ చూశాను. ఖాళీగానే ఉంది.

“రాలేదు కదా?” అంది.

“రాలేదు.”

“అయితే చేరిందన్నమాట.”

“చేరింది.”

సిర్గా మూకుడు మీద లేచే పొగని చూసింది. “వాసన అంత దూరం వెళ్తుందా?”

“వెళ్తుంది.”

“కానీ గుర్రం వెనక్కి తిరిగేంత గట్టిగా కాదు కదా?”

“కాదు.”

పెద్దగా ఊపిరి వదిలి, పళ్ళెంలో అన్నింటికంటే పెద్ద బోర్సోక్ తీసుకుని నోట్లో పెట్టుకుంది. నాలుక కాలి, సైకాల్ గొర్రెల్ని తిట్టే తిట్టు ఒకటి పెద్దగా తిట్టింది. నాయనమ్మ గరిటె ఎత్తింది. సిర్గా నవ్వుతూ, ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూ, మీగడ గిన్నె ఇటు తొయ్యమని నాకు సైగ చేసింది.